సంచార వృత్తులవారి ఆరోగ్యము - పంచాయతీల కర్తవ్యము

మీ గ్రామమునకు వైద్య సౌకర్యము కలదా అని ఎవరైనను ప్రశ్నించినచో మనము ఉపకేంద్రమును, సమీపమందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును చూపుదుము. అవి ఉన్న మాట నిజమే. కాని ఆ తలుపులు తెరచియుండు వేళలందు ఊరిలో ఉండనివారు ప్రతి గ్రామమునందును కొందరు కలరు. వారు లారీ డ్రైవర్లు, క్లీనర్లు, వలస కూలీలు, దూరపు రేవులలో వేటకు పోవు మత్స్యకారులు, మందల వెంట తిరుగు గొర్రెల కాపరులు. వీరిలో అత్యధికులు పురుషులు; తమ కుటుంబములకు ముఖ్యమైన సంపాదనపరులు. వీరిలో ఒకడు మంచము పట్టినచో ఆ ఇంటి పొయ్యి ఆరుట, పిల్లల చదువు ఆగుట, అప్పు పెరుగుట ఒకదాని వెంట ఒకటి జరుగును. అట్టివారికి వైద్యము అందునట్లు చూచుటలో పంచాయతీ ఏమి చేయగలదో ఈ పాఠములో విచారింతము.

1. వీరెవరు?

కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతముల చెరువులలో పట్టిన చేపలు మంచుగడ్డల నడుమ సర్దబడి లారీలపై బెంగాలునకు, అస్సామునకు పోవుచున్నవి. గుంటూరు మిరపకాయలు, నూజివీడు మామిడిపండ్లు, తాడిపత్రి ప్రాంతపు సిమెంటు ఇట్లే దూరదేశములకు చేరుచున్నవి. ఈ సరకుల వెనుక రాత్రింబవళ్ళు చక్రము పట్టిన మనిషి ఒకడుండును. శ్రీకాకుళము జిల్లా తీర గ్రామములవారు గుజరాతులోని వేరావల్ రేవునకు పోయి నెలల తరబడి మరపడవలపై పని చేయుదురు. పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టుటకు దేశమంతట తిరిగినవారు.

ఈ వృత్తులు వేరైనను వైద్యము విషయమున వీరి చిక్కు ఒక్కటే. పాఠము సులభముగా ఉండుటకై లారీ డ్రైవరును ఉదాహరణముగా తీసికొందము. అతనికి చెప్పినది కొద్ది మార్పులతో తక్కినవారికిని వర్తించును.

2. ఆటంకము ఎచ్చట కలదు?

కైకలూరు ప్రాంతమునుండి చేపల లారీతో గౌహతికి బయలుదేరిన డ్రైవరు ఒకడున్నాడనుకొందము. దారి 2,000 కిలోమీటర్లకు పైబడినది. మంచు కరుగకముందే సరకు చేరవలెను. చేరిన పిమ్మట తిరుగు సరకు దొరకువరకు అచ్చట కాచుకొని యుండవలెను. కొన్ని వారములకు అతడు ఏ అర్ధరాత్రియో ఇల్లు చేరును. మరునాడు నిద్రతోను, బండి మరమ్మతుతోను, యజమానితో లెక్కలతోను గడచిపోవును. మూడవ నాటి తెల్లవారుజామున మరల సరకు ఎక్కింపవలెను. ఆరోగ్య కేంద్రమున రోగులను చూచు సమయము పగటివేళ. ఆ వేళకు అతడు నిద్రలోనో, షెడ్డులోనో ఉండును. వైద్యుని చూచుటకై ఒక దినము ఆగినచో ఒక ట్రిప్పు పోవును. ట్రిప్పుతో బత్తెము పోవును.

కావున ఇచ్చట ఆటంకములు మూడు. మొదటిది వేళ: అతడు ఇంట ఉండు గంటలలో వైద్యము దొరకదు. రెండవది స్థలము: జబ్బు చేసినపుడు అతడు తన భాష తెలియని ఊరిలో ఉండును. మూడవది కొనసాగింపు: ఒక ఊరి వైద్యుడు ప్రారంభించిన చికిత్స వేరొక ఊరి వైద్యునికి తెలియదు. వీటికి తోడు "నాకేమి, గుండ్రాయివలె ఉన్నాను" అను ధీమా ఒకటి. ఆ ధీమాను మాత్రమే నిందించి ఊరకుండుట తగదు. ఏలనన వేళయు, స్థలమును అనుకూలించినపుడు ఈ పురుషులే పరీక్షకు వత్తురు. అనుకూలింపనపుడు ఎంత బుద్ధిమంతుడైనను రాలేడు.

3. ముఖ్యముగా గమనింపవలసిన వ్యాధులు

(అ) రక్తపుపోటు, మధుమేహము: ఇవి రెండును చాలకాలము బాధ తెలియనీయవు. అందుచే 30 సంవత్సరములు నిండిన ప్రతివారిని పరీక్షించుట ప్రభుత్వ కార్యక్రమముగా ఉన్నది. రక్తపుపోటు పలుమార్లు చూచినను 140/90 గాని అంతకు మించి గాని యున్నచో వైద్యము అవసరము. పరగడుపున రక్తములో చక్కెర 126 గాని అంతకు మించి గాని ఉండుట మధుమేహ లక్షణము. మరొకసారి పరీక్షించి నిర్ధారింతురు. మందు మొదలిడిన పిమ్మట విడువరాదు. డ్రైవరు విషయమున విఘాతము కలుగునది ఇచ్చటనే. నెల మాత్రలు అయిపోవునాటికి అతడు ఒడిషాలోనో, బెంగాలులోనో ఉండును. "తిరిగి వచ్చిన పిమ్మట తెచ్చుకొందును" అని అనుకొనును. ఇట్లు నాలుగు ట్రిప్పులు గడచినచో పక్షవాతము, గుండెపోటు పొంచియుండును.

మధుమేహమునకు ఇన్సులిను గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు వేళకు భోజనము చేయనిచో రక్తములో చక్కెర హఠాత్తుగా తగ్గును. చెమటలు, వణకు, కండ్లు తిరుగుట, తికమక దాని గురుతులు. అప్పుడు వెంటనే బండి ప్రక్కకు ఆపి మూడు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగవలెను. పావుగంటకు తగ్గనిచో మరల త్రాగవలెను. తేరుకొనిన పిమ్మటను 45 నిమిషములు గడచువరకు చక్రము పట్టరాదు. ఇన్సులిను సీసాను ఇంజను వేడి తగులు చోటగాని, ఎండ పడు అద్దము వద్దగాని ఉంచినచో దాని గుణము చెడును.

(ఆ) క్షయ: రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కనిపించినచో కఫ పరీక్ష చేయింపవలెను. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు. మొదటి నెలలోనే దగ్గు తగ్గి ఆకలి పుట్టును. పని మీద పోవువాడు నయమైనదని మందు మానుటకు ఇదియే కారణము. సగములో మానినచో మిగిలిన క్రిములు మందులకు లొంగనివిగా మారును. అప్పుడు చికిత్స మరింత కఠినమగును; ఇంటివారికిని అదే మొండి క్షయ సోకవచ్చును.

(ఇ) కండ్లు, నిద్ర: నలువది దాటినవారికి చత్వారము వచ్చును. శుక్లము కలవారికి రాత్రివేళ ఎదుటి బండి దీపపు వెలుగు కండ్లు చెదరగొట్టును. మధుమేహము వలన కంటిపొర దెబ్బతినుట మొదట తెలియదు. కావున చక్కెర జబ్బు గలవారు ఏటేట కంటి పరీక్ష చేయించుకొనవలెను.

నిద్రలేమిని గూర్చి ఒక మాట. 17 గంటలు ఎడతెగక మేల్కొనియున్న మనిషి చురుకుదనము, 100 మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని చురుకుదనముతో సమానమని పరిశోధకులు తేల్చిరి. మన దేశపు చట్టము డ్రైవరునకు అనుమతించు హద్దు 30 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా చుక్క త్రాగనివాడైనను నిద్ర లేనిచో మత్తులో నడపినట్లే. దగ్గు మందులు, జలుబు మాత్రలు కొన్ని నిద్ర తెచ్చును. మందు తీసికొనునపుడు తాను డ్రైవరునని చెప్పవలెను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనివేళలకు హద్దు పెట్టెను. కాని అది ఐదుగురు గాని అంతకు మించి గాని కార్మికులు గల సంస్థలను ఉద్దేశించి చేయబడినది. ఒకటి రెండు బండ్లతో నడచు వ్యాపారములకు ఆ రక్ష అందలేదు. అందుచే మన గ్రామములందలి లారీ యజమానులతో పంచాయతీయే మాటలాడుట అవసరము.

(ఈ) హెచ్.ఐ.వి.: ఇంటికి దూరముగా దీర్ఘకాలము ఉండువారికి ఈ అపాయము హెచ్చని గుర్తించి జాతీయ కార్యక్రమములో దూరప్రయాణపు లారీ డ్రైవర్లకు, వలస కార్మికులకు ప్రత్యేక సేవలు ఏర్పరచిరి. పరీక్ష ఉచితము, 2004వ సంవత్సరము నుండి మందులును ఉచితముగా ఇచ్చుచున్నారు. క్రమముగా మందు వాడినచో వైరస్ పరీక్షకు కనబడనంతగా తగ్గును. ఆ స్థితి నిలిచియున్నంతకాలము లైంగిక సంపర్కము వలన ఇతరులకు సోకదు. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము రోగి అంగీకారము లేక పరీక్ష చేయరాదు; రోగి వివరములు వెల్లడింపరాదు; పనిలోగాని చికిత్సలోగాని వివక్ష చూపరాదు. ఈ విషయమై సలహాకు 1097 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

4. ఇప్పుడున్న సదుపాయములు, వాటి హద్దులు

ప్రమాదము జరిగినపుడు పిలువవలసిన 108 వాహనము అవిభక్త ఆంధ్రప్రదేశములో 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. దేశమంతట అత్యవసర సహాయమునకు 112 సంఖ్యయు, జాతీయ రహదారులపై సహాయమునకు 1033 సంఖ్యయు ఉన్నవి. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారిపై కేసు పెట్టుదురని కొందరు భయపడుదురు. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో 134-ఎ విభాగము సద్భావముతో సహాయము చేసినవారికి రక్షణ కల్పించినది.

2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హతగల కుటుంబమునకు ఏటా రూ.5 లక్షల వరకు చికిత్స లభించును. పథకము అమలులో నున్న ఇతర రాష్ట్రములందును, జాబితాలోని ఆసుపత్రులలో ఈ కార్డు చెల్లును. సంచార వృత్తులవారికి ఇది గొప్ప మేలు. కాని సభ్యులు ఒక సంగతి మరువరాదు: ఈ పథకము ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకే గాని ప్రతిదినము మ్రింగు రక్తపుపోటు మాత్రకు కాదు. పక్షవాతము వచ్చిన పిమ్మట లక్షలు ఇచ్చు పథకము కలదు. రాకుండ ఆపు మాత్ర ఉపకేంద్రములోనే ఉచితముగా కలదు. ఆ మాత్రను దారి మీది మనిషికి చేర్చు బాధ్యత మాత్రము ఎవరిదియు కాకున్నది.

క్షయ రోగి వివరములు "నిక్షయ్" అను జాతీయ నమోదులో చేర్చబడును. ఆ సంఖ్య చూపి, ముందుగా తెలిపినచో వేరొక జిల్లాలోనైనను, రాష్ట్రములోనైనను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున చికిత్స కొనసాగించుకొనవచ్చును. పోషకాహారమునకై చికిత్స కాలములో నెలకు రూ.500 ఇచ్చు పద్ధతి 2018లో మొదలై, 2024 నవంబరు నుండి రూ.1,000 అయినది. క్షయ విషయమై సలహాకు 1800-11-6666 సంఖ్య కలదు. ఉపకేంద్రమునుండి "ఈ-సంజీవని" ద్వారా దూరమందున్న వైద్యుని సంప్రదింపవచ్చును.

5. పంచాయతీ చేయదగిన ఆరు పనులు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దాని వలన చేరిన పదకొండవ షెడ్యూలులోని 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు. కావున ఇది పంచాయతీకి పరాయి విషయము కాదు. వైద్యునికి ఆజ్ఞ ఇచ్చు అధికారము పంచాయతీకి లేకున్నను కోరుటకు, కూర్చుటకు, లెక్క అడుగుటకు అధికారము కలదు.

మొదటిది, పట్టిక తయారు చేయుట. వార్డు సభ్యుడును, ఆశ కార్యకర్తయు కలిసి తమ వార్డులో పని మీద తిరుగువారి పేరు, వృత్తి, ఫోను సంఖ్య, సాధారణముగా ఇంటికి వచ్చు కాలము వ్రాయవలెను. రోగము పేరు ఈ పట్టికలో వ్రాయరాదు.

రెండవది, తిరిగివచ్చు దినమున పరీక్ష. డ్రైవర్లు ఎక్కువమంది ఏ దినములలో ఊరిలో ఉందురో పట్టిక చెప్పును. పండుగలు, జాతరలు, సముద్రములో వేట నిషేధించు కాలము, వలస కూలీలు తిరిగివచ్చు మాసములు ముందే తెలిసినవే. ఆ దినములలో సాయంకాలము 5 గంటల నుండి 8 గంటల వరకు పంచాయతీ కార్యాలయములోగాని, పాఠశాలలోగాని పరీక్షా శిబిరము జరుపుమని వైద్యాధికారిని కోరవలెను. రక్తపుపోటు, చక్కెర, కండ్లు, బరువు, దగ్గు, నోటి పుండ్లు చూచుటకు ఒక్కొక్కరికి ఎక్కువ సేపు పట్టదు. పొగాకు, గుట్కా వాడువారికి నోటి పరీక్ష తప్పక చేయింపవలెను.

మూడవది, ప్రయాణమునకు సరిపడు మందు. వ్యాధి అదుపులో నున్నవారికి ట్రిప్పు కాలమునకు సరిపోవునట్లు, ఆలస్యమునకై మరి కొన్ని దినములకు కూడ మాత్రలు ఇచ్చుట వైద్యుని నిర్ణయము. ఈ అవసరమును అతని దృష్టికి తెచ్చుట మన పని. రోగి అంగీకరించినచో భార్యగాని, కుమారుడుగాని కార్డు చూపి మందు తీసికొని పోవు పద్ధతిని అడుగవలెను.

నాల్గవది, చేతిలో కాగితము. రక్తపుపోటు అంకెలు, చక్కెర అంకెలు, వాడు మందుల పేర్లు, పడని మందుల పేర్లు గల చిన్న చీటిని వైద్యునిచే వ్రాయించి, దాని ఫోటోను రోగి ఫోనులో ఉంచుమని చెప్పవలెను. దారిలోని వైద్యునికి మన భాష తెలియకున్నను మందుల పేర్లు తెలియును.

ఐదవది, యజమానులతో మాట. ఊరిలోని లారీ యజమానులను, మేస్త్రీలను సభకు పిలిచి, శిబిరము దినమున బండి ఎక్కింపకుండుటకును, పరీక్షకు వచ్చినవాని బత్తెము కోయకుండుటకును ఒప్పింపవలెను. యజమానికిని ఇందు లాభము కలదు: చక్రము మీద మూర్ఛపోయిన డ్రైవరు వలన పోవునది అతని బండియే.

ఆరవది, లెక్క చూచుట. మూడు నెలలకొకసారి రెండు ప్రశ్నలు వేయవలెను. పట్టికలో 40 మంది ఉన్నచో ఎందరు పరీక్షింపబడిరి? మందు ఆరంభించిన 10 మందిలో ఈ నెల ఎందరు వాడుచున్నారు? శిబిరము జరిగినదని చెప్పుట ఫలితము కాదు. రెండవ ప్రశ్నకు వచ్చు జవాబే ఫలితము.

ఈ పనులకు పెద్ద ధనము అక్కరలేదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు వచ్చు నిధిని, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆరోగ్యమునకు కేటాయించిన మొత్తమును చూచుకొని, దీపములు, నీరు, కుర్చీలు మొదలగు చిన్న ఖర్చులు నిబంధనల ప్రకారము సమకూర్చుకొనవచ్చును.

6. గుట్టు కాపాడుట

ఈ ప్రయత్నమునకు ప్రాణము నమ్మకము. ఒక డ్రైవరుకు మూర్ఛ యున్నదనిగాని, ఒక కూలీకి క్షయ యున్నదనిగాని రచ్చబండ మీద మాట పుట్టినచో అతని పని పోవును. మరునాటి నుండి ఎవడును పరీక్షకు రాడు. కావున పరీక్ష జరుగు చోట తెర ఉండవలెను. ఫలితము రోగికే తెలుపవలెను. పంచాయతీకి కావలసినవి సంఖ్యలే గాని పేర్లు కావు. సభ్యునికి తెలిసిన రహస్యమును సభ్యుడు ఇంటిలోనైనను చెప్పరాదు.

అట్లే బండి నడుపుట అపాయకరమని వైద్యుడు చెప్పినవానిని విడిచిపెట్టుట న్యాయము కాదు. అతనికి తాత్కాలికముగా మరొక పని చూపగలమా, ఉపాధి పథకములో చేర్పింపగలమా అని ఆలోచింపవలెను. కూడు పోవునన్న భయము ఉన్నంతకాలము మనుష్యులు రోగమును దాచుకొనుచునే యుందురు.

7. నమూనా తీర్మానము

"మన గ్రామమున వృత్తి రీత్యా దూరప్రాంతములకు పోవుచు వచ్చుచుండు పురుషులకు పగటివేళ వైద్యసేవలు అందుట లేదని ఈ సభ గుర్తించుచున్నది. వార్డుల వారీగా వారి పట్టికను ఒక నెలలో సిద్ధపరచుటకును, మూడు నెలలకొకసారి సాయంకాలపు పరీక్షా శిబిరము జరుపవలసినదిగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని కోరుటకును, శిబిరమునకు స్థలము, దీపములు, త్రాగునీరు పంచాయతీ సమకూర్చుటకును, రోగుల వివరములు గోప్యముగా ఉంచుటకును తీర్మానించడమైనది."

ఈ తీర్మానపు ప్రతిని వైద్యాధికారికిని, మండల పరిషత్తునకును పంపి, జవాబును తదుపరి సమావేశమున చదివి వినిపింపవలెను. జవాబు రానిచో మరల వ్రాయవలెను.

8. చర్చనీయాంశములు

సభ్యులు తమ సమావేశమున ఈ ప్రశ్నలను చర్చింతురు గాక.

(1) మన గ్రామములో నెలకు పది దినములకంటె ఎక్కువ కాలము బయట ఉండు పురుషులు ఎందరు? వారి పేర్లు సభ్యులకు తెలియునా?

(2) వారు ఎక్కువగా ఊరిలో ఉండు దినములు ఏవి? ఆ దినములందు ఉపకేంద్రము తెరచియుండునా?

(3) గత సంవత్సరములో మందు మధ్యలో మానుటచే పక్షవాతము గాని, గుండెపోటు గాని వచ్చినవారు మన ఊరిలో ఉన్నారా? పేర్లు సభలో చెప్పక, ఆ దుఃస్థితిని ఎట్లు తప్పించియుండవచ్చునో ఆలోచింపుడు.

(4) మన లారీ యజమానులలో శిబిరమునకు సహకరించువారెవరు? వారితో మాటలాడుటకు ఏ సభ్యుడు పూనుకొనును?

ఆరోగ్య కేంద్రము మన ఊరిలో నిలిచియున్నది. మన మనిషి దారిలో పోవుచున్నాడు. కేంద్రము అతని వెంట పోలేదు. కాని అతడు ఇంటికి వచ్చిన సాయంకాలము దాని తలుపు తెరచియుండునట్లును, మరల బయలుదేరునపుడు మందును, చీటియు అతని సంచిలో ఉండునట్లును చూచుట పంచాయతీకి సాధ్యమైన పని. రాబోవు సమావేశపు కార్యక్రమములో ఈ అంశమును చేర్చుట దానికి మొదటి మెట్టు.